కార్బన్ మీద కార్బన్: బ్యారియర్ పైన ఫ్యూజన్ కొలతలు ఒక్కో పేపర్లో ఒక్కోలా ఎందుకున్నాయి?

తరమణి_అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది చిత్తూరు వైపు. కార్బన్-12 బీమ్‌తో కార్బన్-12 టార్గెట్‌ని కొట్టినప్పుడు జరిగే ఫ్యూజన్ (రెండు కేంద్రకాలు కలిసి ఒకటవడం) మీద ఇప్పటిదాకా వచ్చిన డేటా అంతా పోగేసి ఒకే గ్రాఫ్ మీద పెట్టమని ప్రాజెక్టు ఇచ్చారు. సెంటర్ ఆఫ్ మాస్ శక్తి (ఢీకొనడానికి నిజంగా పనికొచ్చేది, ఇక్కడ బీమ్ శక్తిలో సగం) 7 ఎమ్‌ఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) నుంచి 30 దాకా, అంటే పూర్తిగా కూలంబ్ బ్యారియర్ (కేంద్రకాల ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకునే అడ్డు) పైన.

రెండు చోట్ల ఆగిపోయాను. 25 ఎమ్‌ఈవీ దగ్గర ఒక పేపర్ చుక్కలకీ ఇంకో పేపర్ చుక్కలకీ దాదాపు 15 శాతం తేడా ఉంది. ఎవరికి వాళ్ళు మా ఎర్రర్ 5 శాతమే అంటున్నారు. ఇద్దరూ నిజం చెబుతుంటే ఈ తేడా ఎక్కడిది? రెండోది, గ్రాఫ్ నున్నగా పైకెళ్ళి నిలబడుతుందనుకుంటే మధ్యలో గూనులు గూనులుగా ఉంది. అవి నిజమా, కొలతలో లోపమా?

మా క్లాసులో అందరూ చెప్పేది ఒకటే: కష్టమంతా కింది శక్తుల దగ్గర, నక్షత్రాల్లో జరిగే చోట, అక్కడ కౌంట్లే రావు, పైన క్రాస్ సెక్షన్ (రియాక్షన్ జరిగే అవకాశానికి కొలత) ఒక బార్న్ (దాని యూనిట్) ఉంటుంది, కూర్చుని లెక్కపెట్టుకోవడమే. అంత సులువైతే ఈ 15 శాతం ఏమిటి?

---

వైట్‌ఫీల్డ్_వైర్లు

ముందో మాట. "హై ఎనర్జీ ఫ్యూజన్" అనగానే ఇక్కడ సగం మంది టోకమాక్ (ఫ్యూజన్‌తో కరెంట్ తీయాలని కట్టే యంత్రం) అనుకుంటారు. ఆ ప్రపంచంలో లెక్కంతా కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో (కెఈవీ). డ్యుటీరియం, ట్రిటియం కలిసే క్రాస్ సెక్షన్ దాదాపు 5 బార్న్‌లకి చేరి అక్కడే శిఖరం తాకుతుంది, అదీ డ్యుటీరాన్ శక్తి 107 కెఈవీ చుట్టుపక్కల. మీరడిగేది దానికి వందల రెట్లు పైన. రెండూ ఫ్యూజనే, కానీ కొలిచేవాళ్ళు ఒకరి మీటింగుకి ఒకరు వెళ్ళరు.

నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ చేస్తుంటాను, ఫిజిక్స్ నా పని కాదు. చదువుకునేటప్పుడు మాత్రం ఒక న్యూట్రాన్ జనరేటర్ దగ్గర కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ నచ్చిన సంగతి ఒకటుంది. డీ-టీ రియాక్షన్‌లో 14.1 ఎమ్‌ఈవీ న్యూట్రాన్ ఒకటి, 3.5 ఎమ్‌ఈవీ ఆల్ఫా ఒకటి జంటగా వస్తాయి. న్యూట్రాన్‌ని నేరుగా లెక్కపెట్టాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఆల్ఫాని మాత్రం ఒక చిన్న సిలికాన్ డిటెక్టర్ పట్టేస్తుంది. ఒక ఆల్ఫా అంటే ఒక న్యూట్రాన్. ఇక టార్గెట్‌లో ట్రిటియం ఎంత మిగిలింది, కరెంట్ ఎంత అన్న బాధ లేదు.

మీ కార్బన్ కేసులో అలాంటి జంట ఏమైనా ఉందా? లేకపోతే గొడవ అక్కడే ఉంటుందని నా అనుమానం. మిగతాది బాబాయి గారొచ్చి చెప్పాలి.

---

బీమ్‌టైమ్_బాబాయి

పిలిచారు కాబట్టి వచ్చాను. అమ్మాయ్, వైర్లబ్బాయి చెప్పింది సరైన చోటే తగిలింది. జంట లేదు. అదే అసలు గొడవ.

ముందు "కౌంట్లే కౌంట్లు" అన్నది ఎంత నిజమో చూద్దాం. చదరపు సెంటీమీటరుకి 50 మైక్రోగ్రాముల కార్బన్ రేకు తీసుకో. అందులో 2.5 గుణించు 10 టు ద పవర్ 18 పరమాణువులుంటాయి. 10 పార్టికల్ నానోఆంపియర్ బీమ్ అంటే సెకనుకి ఆరు వేల కోట్ల పైచిలుకు కార్బన్‌లు. క్రాస్ సెక్షన్ ఒక బార్న్ అయితే సెకనుకి లక్షన్నర ఫ్యూజన్లు. అదే బీమ్, అదే రేకు, క్రాస్ సెక్షన్ ఒక నానోబార్న్ అయితే రోజంతా కలిపి పదమూడో పద్నాలుగో. కాబట్టి మీ క్లాసు వాళ్ళు చెప్పింది కౌంట్ల వరకూ అక్షరాలా నిజం.

కానీ క్రాస్ సెక్షన్ అంటే కౌంట్లు కాదు కదా. కౌంట్లని ఎంత బీమ్ వచ్చిందో దానితో, ఎంత టార్గెట్ ఉందో దానితో, డిటెక్టర్ ఎంత కోణాన్ని చూసిందో దానితో భాగించాలి. భాగహారంలో పైన రాసేది నీకు ఊరికే దొరుకుతుంది. కింద రాసే మూడూ ఒక్కొక్కటీ ప్రాణం తీస్తాయి. కింది శక్తుల వాళ్ళకి కౌంట్లే తక్కువ కాబట్టి వాళ్ళ ఎర్రర్ ఎక్కువ భాగం అక్కడే కనబడుతుంది, అందరికీ తెలుస్తుంది. మన ఎర్రర్ భాగహారంలో దాక్కుంటుంది.

బీమ్ సంగతి. టార్గెట్ వెనక ఫారడే కప్పు పెట్టి ఛార్జ్ పోగుచేస్తాం. ట్యాండెమ్ యాక్సిలరేటర్ టెర్మినల్ మీద 10 మిలియన్ వోల్టులు, కార్బన్ 5+ (అయిదు ఎలక్ట్రాన్లు ఊడినది) అయితే వచ్చే శక్తి 60 ఎమ్‌ఈవీ: లోపలికెళ్ళేటప్పుడు నెగటివ్ అయాన్‌గా 10, స్ట్రిప్పర్ (ఎలక్ట్రాన్లని ఊడగొట్టే పొర) దాటాక అయిదింతలు 50. నువ్వు అయాన్‌కి అయిదు ఛార్జీలనుకుని కప్పు రీడింగ్‌ని భాగిస్తావు. కానీ 60 ఎమ్‌ఈవీ కార్బన్ నీ రేకు గుండా దూరి వచ్చేసరికి మిగిలిన ఆ ఒక్క ఎలక్ట్రాన్ కూడా దాదాపు ఎప్పుడూ ఊడిపోయి 6+ అవుతుంది. కప్పులో పడేది ఆరు. అయిదుతో భాగిస్తే బీమ్ 20 శాతం ఎక్కువ కనబడుతుంది, క్రాస్ సెక్షన్ ఆ మేరకు తగ్గుతుంది. ఇదొక్కటి చాలు నీ 15 శాతాన్ని మింగెయ్యడానికి. దీనికి తోడు కప్పు లోపలి గోడ నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికి పోతాయి. వాటిని వెనక్కి తోసే నెగటివ్ రింగు వోల్టేజి ఉందో లేదో చూసుకోవాలి. ఒకచోట, ఎక్కడో చెప్పను, ఆ రింగుకి వెళ్ళే కనెక్టర్ వదులై ఒక షిఫ్టు మొత్తం కరెంట్ గాల్లో రాసిన లెక్క అయింది. మానిటర్ డిటెక్టర్లు ఉండబట్టి డేటా దక్కింది.

ఆ మానిటర్లే మన ఊపిరి. బీమ్‌కి అటు 10 డిగ్రీల్లో ఒకటి, ఇటు 10 డిగ్రీల్లో ఒకటి, రెండు చిన్న సిలికాన్ డిటెక్టర్లు. కార్బన్ రేకు మీద లేశమాత్రం బంగారం పూత వేస్తాం. ఎందుకూ అంటే, ఈ శక్తిలో కార్బన్ మీద కార్బన్ చెదరడాన్ని లెక్కగట్టి నమ్మలేం, రెండూ ఒకేలాంటి కేంద్రకాలు కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ కూడా ఉంటుంది. బంగారం మీద చిన్న కోణంలో చెదిరింది మాత్రం శుద్ధ రూథర్‌ఫర్డ్. 10 డిగ్రీల దగ్గర బంగారం శిఖరం 59.9 ఎమ్‌ఈవీ మీద, కార్బన్ శిఖరం 58.2 మీద విడివిడిగా నిలబడతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఫ్యూజన్ కౌంట్లని బంగారం కౌంట్లతో భాగిస్తే బీమ్ కరెంట్ అన్నది సమీకరణం నుంచే ఎగిరిపోతుంది. వైర్లబ్బాయి అడిగిన జంటకి దగ్గరగా మేం తెచ్చుకున్నది ఇదే, అరువు జంట.

అరువన్నాక వడ్డీ ఉంటుంది. రూథర్‌ఫర్డ్ ఫార్ములాలో సగం కోణం సైన్‌కి నాలుగో ఘాతం కింద కూర్చుంటుంది. 10 డిగ్రీల దగ్గర కోణం పదో వంతు డిగ్రీ అటూఇటూ అయితే కౌంట్లు 4 శాతం మారతాయి. డిటెక్టర్ 57 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పదో వంతు డిగ్రీ అంటే ఒక మిల్లీమీటరు. రాత్రి మూడింటికి ఎవరో స్టీరర్ తిప్పితే బీమ్ మచ్చ ఒక మిల్లీమీటరు జరగడం ఎంతసేపు? అందుకే రెండు వైపులా రెండు. బీమ్ కుడికి జరిగితే ఒకటి పెరుగుతుంది, ఇంకొకటి తగ్గుతుంది, సగటులో చాలావరకు సర్దుకుంటుంది. పేపర్లో ఒకే మానిటర్ అని ఉంటే నేను పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెడతాను.

ఇంకో వడ్డీ: రేకు మీద బంగారానికీ కార్బన్‌కీ నిష్పత్తి తెలియాలి. దానికి బీమ్ శక్తిని 8 ఎమ్‌ఈవీకి దించేసి, అంటే బ్యారియర్ కిందికి పోయి, అక్కడ కార్బన్-కార్బన్ చెదరడం కూడా లెక్కకి లొంగుతుంది కాబట్టి రెండు శిఖరాలనీ పోల్చుకోవాలి. బీమ్‌టైమ్ తక్కువైనప్పుడు మొదట కత్తెర పడేది ఈ రన్‌కే. "థిక్‌నెస్ ముందే కొలిచాం కదండీ" అంటారు. ముందే కొలవడం అంటే అమెరిషియం సోర్స్ ఆల్ఫాలని రేకు గుండా పంపి ఎంత శక్తి పోయిందో చూడటం. 5.486 ఎమ్‌ఈవీ ఆల్ఫా 50 మైక్రోగ్రాముల కార్బన్‌లో పోగొట్టుకునేది దాదాపు 35 కెఈవీ. శిఖరం ఎక్కడుందో 2 కెఈవీ అటూఇటూగా చెప్పగలిగితే థిక్‌నెస్‌లో 6 శాతం ఎర్రర్ అక్కడే వచ్చేసింది.

ఆ రేకు ఎలా ఉంటుందో నువ్వు ఇంకా చూసి ఉండవు. గాజు పలక మీద ముందు నీళ్ళలో కరిగే పొర ఒకటి, దాని మీద కార్బన్ ఆవిరి పట్టిస్తారు. పలకని ఏటవాలుగా పట్టుకుని నీళ్ళలోకి మెల్లగా దింపితే కింది పొర కరిగి కార్బన్ పొర నీటి మీద తేలుతుంది. బూడిద రంగు, పట్టుకుంటే ఉండదు. మధ్యలో చిల్లున్న ఫ్రేముని నీళ్ళ కింద నుంచి పైకి లేపుతూ దాన్ని ఎత్తుకోవాలి. ఆ సమయంలో గదిలో ఫ్యాన్ వేసినవాడితో జీవితాంతం మాట్లాడకూడదు. అలా ఎత్తిన ఫ్రేములని డబ్బాలో పెట్టుకుని చెన్నై సెంట్రల్‌లో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ దాకా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. విజయవాడలో ఎక్కిన పెద్దాయన "పూతరేకులా?" అని అడిగితే నవ్వాగలేదు, మరీ తప్పేం కాదు మరి.

సరే, ఇదంతా భాగహారం. నీ 25 ఎమ్‌ఈవీ తేడాకి ఇంకా పెద్ద అనుమానితుడు ఒకడున్నాడు, వాడి గురించి చెప్పాలంటే ఒకటి తెలియాలి. ఆ రెండు పేపర్లలో ఫ్యూజన్‌ని ఎలా గుర్తుపట్టారు? గామా కిరణాలతోనా, రెసిడ్యూలని, అంటే కలిసి చల్లారాక మిగిలే కేంద్రకాలని, నేరుగా పట్టుకునా?

---

తరమణి_అమ్మాయి

బాబాయి గారూ, చాలా థాంక్స్. ఇప్పుడే మళ్ళీ తెరిచి చూశాను. ఒకటి గామా పద్ధతి, జెర్మేనియం డిటెక్టర్. ఇంకొకటి డెల్టా-ఈ, ఈ టెలిస్కోపులతో (ముందు పలచటి డిటెక్టర్ "డెల్టా-ఈ", దాని వెనక మందపాటిది "ఈ") రెసిడ్యూలని వేర్వేరు కోణాల్లో లెక్కపెట్టి కలిపారు. రెసిడ్యూ పేపర్ విలువలే ఎక్కువ. కరెంట్ ఇంటిగ్రేటర్, మానిటర్ రెండూ వాడామని రెసిడ్యూ పేపర్లో ఉంది. గామా పేపర్లో కరెంట్ ఇంటిగ్రేటర్ ఒక్కటే.

---

బీమ్‌టైమ్_బాబాయి

అనుకున్నాను.

రెండు కార్బన్‌లు కలిస్తే మెగ్నీషియం-24 పుడుతుంది, అదీ నిప్పుల మీద. కలవడం వల్లనే 13.9 ఎమ్‌ఈవీ వస్తుంది. నీ 25 దానికి కలుపు, ఎక్సైటేషన్ (లోపల ఉన్న అదనపు శక్తి) 39 దాకా పోయింది. అది చల్లారడానికి ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ముఖ్యంగా ఆల్ఫాలు విసిరేస్తుంది. ఒక ఆల్ఫా పోతే నియాన్-20, ఒక ప్రోటాన్ పోతే సోడియం-23, ఇంకా పోతే ఇంకా తేలికవి. చివర మిగిలింది గామా విసిరి నేల నిలకడకి (గ్రౌండ్ స్టేట్) వస్తుంది. నియాన్-20 అయితే 1634 కెఈవీ, సోడియం-23 అయితే 440 కెఈవీ. గామావాళ్ళు ఈ గీతలని లెక్కపెడతారు.

పెళ్ళి భోజనాలకి ఎంతమంది వచ్చారో ఎంగిలి విస్తళ్ళు లెక్కపెట్టి చెప్పినట్టుంటుంది ఇది. తినకుండా తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయినవాడు లెక్కలోకి రాడు. రెసిడ్యూ నేరుగా గ్రౌండ్ స్టేట్‌లోనే పుడితే గామా రాదు. ఆ భాగాన్ని స్టాటిస్టికల్ మోడల్ కోడ్‌తో, క్యాస్కేడ్ లాంటివాటితో అంచనా వేసి కలుపుతారు. అంటే పేపర్లో "కొలిచాం" అన్నదాంట్లో ఒక ముక్క కంప్యూటర్ చెప్పింది. తక్కువ శక్తిలో రెండు మూడు దారులే ఉంటాయి కాబట్టి ఇబ్బంది చిన్నది. 39 ఎమ్‌ఈవీ ఎక్సైటేషన్‌లో దారులు బోలెడు. పైగా రెసిడ్యూలు కాంతి వేగంలో 5 శాతం వేగంతో పరిగెడుతుంటాయి. ఎదురుగా పెట్టిన డిటెక్టర్‌కి ఆ 1634 గీత 1720 దగ్గర కనబడుతుంది, మిగతా కోణాల్లో ఇంకెక్కడో. గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

రెసిడ్యూవాళ్ళు మరీ నిక్కచ్చిగా ఉన్నారనుకోకు. బరువైన కేంద్రకాల్లో రెసిడ్యూ ముందుకే పోతుంది, కొన్ని డిగ్రీల్లో అంతా దొరుకుతుంది. మనది తేలిక సంత. 60 ఎమ్‌ఈవీ బీమ్‌తో, పక్కకి 10 ఎమ్‌ఈవీ ఆల్ఫా ఒక్కటి విసిరితే ఆ తన్నుకి మిగిలిన నియాన్ 16 డిగ్రీలు పక్కకి పోతుంది. రెండు ఆల్ఫాలు అయితే ఇంకా. కాబట్టి మూడు డిగ్రీల నుంచి ముప్ఫై దాకా టెలిస్కోపుని జరుపుతూ కూర్చోవాలి. మూడు కంటే లోపల బీమ్ ధాటికి డిటెక్టర్ బతకదు. అక్కడ చేత్తో గీత పొడిగించడమే. సైన్ థీటాతో గుణిస్తాం కాబట్టి సున్నా దగ్గర భాగం చిన్నదే, కానీ సున్నా కాదు. పెద్ద కోణాల దగ్గర రెసిడ్యూ నీరసంగా వస్తుంది, డెల్టా-ఈలోనే ఆగిపోయి ఈ దాకా రాదు, కౌంట్ పోతుంది.

ఇక అనుమానితుడు. మెగ్నీషియం-24 మూడు ఆల్ఫాలు విసిరేస్తే ఏం మిగులుతుంది? కార్బన్-12. దానికి 21 ఎమ్‌ఈవీ పైన ఎక్సైటేషన్ ఉంటే చాలు, నీ దగ్గర 39 ఉంది. ఇప్పుడు చెప్పు: టెలిస్కోపులో పడిన కార్బన్-12 కలిసి విడిపోయిన కార్బనా, కలవకుండా తగిలి శక్తి పోగొట్టుకుని వచ్చిన బీమ్ కార్బనా? ఆవేశాన్నీ ద్రవ్యరాశినీ చూసి చెప్పలేవు. వేగాన్ని చూడాలి. నిజంగా కలిసి పుట్టింది సగటున సెంటర్ ఆఫ్ మాస్ వేగంతో వస్తుంది, తగిలి వచ్చింది దానికంటే వేగంగా ఉంటుంది. కానీ రెండు గుట్టల పాదాలు కలిసిపోతాయి, గీత ఎక్కడ గీస్తావన్నది మనిషిని బట్టి. కొందరు కార్బన్‌ని మొత్తం వదిలేసి నైట్రోజన్ నుంచి పైవాటినే ఫ్యూజన్ అంటారు. కొందరు కొంత కలుపుతారు. ఆక్సిజన్-16 విషయంలో కూడా కాస్త గొడవ ఉంది, ఒక ఆల్ఫా బీమ్ నుంచి టార్గెట్‌కి మారినా అదే వస్తుంది, అది ఫ్యూజన్ కాదు.

గామావాళ్ళకి ఇది వేరే రూపంలో వస్తుంది. కార్బన్-12 గామా 4.44 ఎమ్‌ఈవీ. ఊరికే తగిలి ఎక్సైట్ అయినా అదే గీత. కాబట్టి వాళ్ళు దాన్ని వదిలెయ్యక తప్పదు.

అంటే నీ రెండు పేపర్లు ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులని కొలిచి ఉండొచ్చు. రెసిడ్యూ పేపర్ ఎక్కువ ఉందన్నావు. పట్టికలో అట్టడుగున ఏయే ఆవేశాలని కలిపారో చూడు. జెడ్ 6, అంటే కార్బన్, ఉందా?

---

జ్ఞానభారతి_కాగితం

బెంగళూరు నుంచి. డిటెక్టర్ ముట్టుకున్న పాపాన పోలేదు, కాగితం మీద లెక్కలు చేస్తాను. గూనుల ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి దూరుతున్నాను.

అవి నిజమే. 1976లో స్పెర్ బృందం అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో చూపించింది. వీటిని 1960లో బ్రామ్లీ, క్యూనర్, ఆల్మ్‌క్విస్ట్ కెనడాలోని చాక్ రివర్‌లో బ్యారియర్ దగ్గర చూసిన సన్నని రెజొనెన్స్‌లతో కలపకండి. అవి వేరు, ఇవి వెడల్పుగా, కొన్ని ఎమ్‌ఈవీల మేర ఉంటాయి.

లెక్క ఇలా వేసుకోండి. క్రాస్ సెక్షన్ అంటే ఒక్కో కోణీయ ద్రవ్యవేగం ఎల్ నుంచి వచ్చే వాటాల మొత్తం, ఒక్కోటీ రెండు ఎల్ ప్లస్ ఒకటి. రెండు కార్బన్-12లూ స్పిన్ సున్నా ఉన్న ఒకేలాంటి బోసాన్లు. బేసి ఎల్‌లకి ప్రవేశం లేదు, సరి ఎల్‌లకి రెట్టింపు వాటా. ఎల్ పెరిగేకొద్దీ దాని బ్యారియర్ పెరుగుతుంది. సెంటర్ ఆఫ్ మాస్ 22 ఎమ్‌ఈవీ దగ్గర ఎల్ 12 దాకా పూర్తిగా తెరుచుకున్నాయనుకోండి. వాటాల మొత్తం 182, ఒక్కో వాటా విలువ 4.97 మిల్లీబార్న్, మొత్తం 905. శక్తి పెంచి 24కి వెళ్ళండి, కొత్త ఎల్ ఇంకా తెరుచుకోలేదనుకుంటే ఒక్కో వాటా 4.56కి పడుతుంది, మొత్తం 830. అంటే శక్తి పెరుగుతుంటే క్రాస్ సెక్షన్ తగ్గుతోంది! అప్పుడు ఎల్ 14 తలుపు తీస్తే ఒకేసారి 58 వాటాలు వచ్చి పడతాయి, అంటే 264 మిల్లీబార్న్. తలుపు ఒక్కసారిగా తెరుచుకోదు, టన్నెలింగ్ వల్ల మెల్లగా తెరుచుకుంటుంది, కాబట్టి రంపపు పళ్ళ బదులు గుండ్రటి గూనులు. రెండు గూనుల మధ్య దూరం సుమారు నాలుగైదు ఎమ్‌ఈవీ.

ఒక టార్గెట్‌ని మాత్రం కార్బన్-13 చేసి చూడండి. ఇక ఒకేలాంటివి కావు, బేసి ఎల్‌లు కూడా వస్తాయి, ఒక్కో మెట్టు సగమవుతుంది, మెట్లు దగ్గరవుతాయి, గూనులు చాలావరకు అణిగిపోతాయి. డేటాలో కూడా అలాగే కనబడుతుంది. నాకు ఇంతకంటే అందమైన రుజువు అక్కర్లేదు.

ఇంకో మాట. మీ 25 ఎమ్‌ఈవీ సరిగ్గా ఎల్ 14 తెరుచుకునే ఏటవాలు మీద ఉంది. బాబాయి గారు చెప్పినవన్నీ ఉండొచ్చు, కానీ ఒక పేపర్ శక్తి అర ఎమ్‌ఈవీ తేడాగా ఉన్నా అక్కడ 40 మిల్లీబార్న్ తేడా వస్తుంది. ముందు అది చూడండి.

---

బీమ్‌టైమ్_బాబాయి

కాగితం గారూ, గూనుల లెక్క బాగుంది, దాచుకుంటాను. చివరి పేరా మాత్రం ఒప్పుకోను. ట్యాండెమ్‌లో శక్తిని తేల్చేది తొంభై డిగ్రీల అయస్కాంతం. పదుల కెఈవీల్లో తెలుస్తుంది. రేకులో బీమ్ పోగొట్టుకునేది నూరు కెఈవీ పైచిలుకు, దాన్ని సగం చేసి తీసేస్తారు. సెంటర్ ఆఫ్ మాస్‌లో అర ఎమ్‌ఈవీ తప్పంటే ల్యాబ్‌లో ఒక ఎమ్‌ఈవీ తప్పు. ట్యాండెమ్ ఆపరేటర్ వింటే చొక్కా పట్టుకుంటాడు. పాత సైక్లోట్రాన్ డేటా అయితే మీ మాట వింటాను.

మీరు చెప్పిన ఏటవాలు వేరే రకంగా పనికొస్తుంది. అంగ పెద్దదైతే, అంటే రెండు మూడు ఎమ్‌ఈవీలకోసారి కొలిస్తే, ఒకరి చుక్క గూను మీద, ఇంకొకరిది పల్లంలో పడుతుంది. మధ్యలో స్కేలు పెట్టి గీత కలిపితే తేడా పుట్టుకొస్తుంది. అమ్మాయ్, నువ్వు చుక్కకి చుక్క పోల్చావా, గీతకి గీత పోల్చావా?

---

వైట్‌ఫీల్డ్_వైర్లు

ఒక చిన్న చేర్పు, ఇది మా శాఖ కాబట్టి. ముందు కోణాల్లో టెలిస్కోపుకి సెకనుకి వేల కౌంట్లు ఎలాస్టిక్‌వే వస్తాయి. డేటా సిస్టమ్ ఒకటి రాసుకునేలోపు ఇంకోటి వస్తే పోయినట్టే (ఆ వ్యవధే డెడ్‌టైమ్). మానిటర్లనీ టెలిస్కోపునీ ఒకే ట్రిగ్గర్ కింద రాస్తే రెండిటికీ ఒకే నిష్పత్తిలో పోతాయి, భాగిస్తే కొట్టుకుపోతుంది. కరెంట్ ఇంటిగ్రేటర్ మాత్రం డెడ్‌టైమ్ తెలియకుండా పోగుచేస్తూనే ఉంటుంది. గామా పేపర్లో కరెంట్ ఒక్కటే అన్నారు కదా, పల్సర్‌తో (తెలిసిన రేటుతో నకిలీ సిగ్నళ్ళు పంపే పరికరం) డెడ్‌టైమ్ సరిచేశారో లేదో చూడండి. చెయ్యకపోతే క్రాస్ సెక్షన్ తక్కువే వస్తుంది. మీ తేడా అటువైపే ఉంది.

---

తరమణి_అమ్మాయి

అందరికీ ఒకేసారి జవాబు. పల్సర్ వాడారు, 8 శాతం దిద్దారు, అది సరే. ఫారడే కప్పు దగ్గర ఛార్జ్ స్టేట్ గురించి ఒక్క వాక్యం కూడా లేదు. రెసిడ్యూ పేపర్ పట్టికలో జెడ్ 6 ఉంది బాబాయి గారూ! కింద చిన్న అక్షరాల్లో "వేగం ఆధారంగా వేరు చేసిన భాగం" అని ఉంది. నేను పేపర్లలోని గ్రాఫ్ బొమ్మల నుంచి చుక్కలు ఏరుకున్నాను, అందుకే పట్టిక చూడలేదు. పోల్చింది గీతకి గీత.

ఇంకో ప్రశ్న. ఇన్ని తిప్పలు లేకుండా, బీమ్‌లో ఒక్కో కేంద్రకాన్నీ లెక్కపెట్టి, అందులో ఎన్ని కలిశాయో చూసే దారి లేదా?

---

బీమ్‌టైమ్_బాబాయి

ఉంది. ఆర్గాన్‌లోనే మ్యూజిక్ అని ఒక అయనైజేషన్ ఛాంబర్ కట్టారు, పేరుకీ పాటకీ సంబంధం లేదు. ఛాంబర్ నిండా మీథేన్ వాయువు. అందులో కార్బనే టార్గెట్, ఆ వాయువే డిటెక్టర్. ఆనోడ్‌ని వరసగా పట్టీలుగా కోశారు. బీమ్ కేంద్రకం పట్టీ తర్వాత పట్టీ దాటుకుంటూ ఒక్కో దాంట్లో కొంచెం కొంచెం శక్తి వదులుతూ పోతుంది. ఎక్కడైనా కలిసిందంటే ఆవేశం పెరుగుతుంది, ఆ పట్టీ నుంచి సిగ్నల్ ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. ఏ పట్టీలో ఎక్కిందో చూస్తే ఏ శక్తిలో కలిసిందో తెలుస్తుంది. కలవకుండా పోయినవి కూడా అదే డిటెక్టర్‌లో నమోదవుతాయి. అంటే లవం, హారం రెండూ ఒకే చోట. ఒక బీమ్ శక్తి పెడితే గ్రాఫ్‌లో చాలా చుక్కలు ఒకేసారి వస్తాయి. 2014లో కార్బన్-15 లాంటి రేడియోధార్మిక బీమ్‌లతో సహా కార్బన్ ఐసోటోపులని కార్బన్-12 మీద ఇలాగే కొలిచి ప్రచురించారు.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరంటే, కేంద్రకాలు ఒక్కొక్కటిగా రావాలి కాబట్టి బీమ్ చాలా పలచగా ఉండాలి. సెకనుకి ఆరు వేల కోట్లు పంపితే ఛాంబర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. క్రాస్ సెక్షన్ పెద్దగా ఉండే బ్యారియర్ పైనే దీని ప్రతాపం. పైగా నీ జెడ్ 6 గొడవ ఇక్కడ కూడా పూర్తిగా పోదు, మూడు ఆల్ఫాలు, ఒక కార్బన్ కలిపి వదిలే శక్తి చూసి తేల్చుకోవాలి.

ఇప్పుడు పని. బొమ్మల నుంచి చుక్కలు ఏరడం మానెయ్. ఐఏఈఏ వాళ్ళ ఎక్స్‌ఫోర్ డేటాబేస్‌లో ఈ పాత పేపర్ల పట్టికలు చాలావరకు ఉన్నాయి, ఉచితం. అంకెల పైన ఏ పద్ధతి, దేన్ని మానిటర్‌గా వాడారు, ఏ ఎర్రర్ కలిపారు అని నోట్ ఉంటుంది, అంకెలకన్నా ముందు అది చదువు. అప్పుడు మూడు గ్రాఫులు గియ్యి. ఒకటి జెడ్ 6 లేకుండా, ఒకటి జెడ్ 6తో, ఒకటి గామావి. చుక్కలని గీతలతో కలపకు. కాగితం గారి లెక్కని ఎల్ 8 నుంచి 16 దాకా వేసి వెనకాల పలచగా పెట్టు.

శనివారం పొద్దున కొట్టూర్‌పురం లైబ్రరీలో ఉంటాను. జెడ్ 6 తీసేశాక తేడా ఎంత మిగిలిందో ప్రింటు తీసుకుని రా. మీ గైడ్ గారికి కూడా వీలైతే చెప్పు, ఛార్జ్ స్టేట్ గురించి మాట్లాడుకోవచ్చు.

---

తరమణి_అమ్మాయి

వస్తాను బాబాయి గారూ. గైడ్ మేడమ్‌కి ఈ చర్చ చూపించాను. "ఆ కప్పు సంగతి అడిగిందెవరు, ఆయన్నే సెమినార్‌కి పిలుద్దాం" అన్నారు.